ఊరి నోటి కథ పుస్తకమైంది

నార్వే జానపద కథల సంపుటాల మీద రెండు పేర్లు జంటగా కనిపిస్తాయి: పేటర్ క్రిస్టెన్ ఆస్బ్యోర్న్‌సెన్ (1812–1885), యోర్గెన్ మూ (1813–1882). ఒకరు నేటి ఓస్లో అయిన క్రిస్టియానియాలో గాజుపని చేసే ఇంట్లో పుట్టారు. రెండోవారు రింగెరికె ప్రాంతపు రైతుబిడ్డ. చదువుకునే రోజుల్లో కుదిరిన స్నేహమే వారిని ఈ పనిలోకి దింపింది.

1814లో డెన్మార్క్ ఏలుబడి ముగిసినా నార్వేలో బడి, చర్చి, పుస్తకం అన్నీ డేనిష్ భాషలోనే సాగాయి. జనం మాట్లాడేది ఒకటి, చదివేది మరొకటి. జర్మనీలో గ్రిమ్ సోదరుల సంపుటం 1812లోనే వచ్చింది. నార్వేలో ఆండ్రియాస్ ఫాయె 1833లో ఐతిహ్యాలు అచ్చువేశారు గానీ అందులో పల్లె గొంతు వినబడలేదు.

జంతుశాస్త్రం చదివిన ఆస్బ్యోర్న్‌సెన్ సముద్రజీవుల కోసం తిరుగుతూనే కథలూ పోగుచేశారు. మతశాస్త్రం చదివి, తర్వాతి కాలంలో బిషప్ అయిన మూ లోయల్లోని పల్లెలకు వెళ్లి విన్నారు. తొలి చిన్న పుస్తకం 1841లో సంకలనకర్తల పేర్లయినా లేకుండా వెలువడింది. 1844 దాకా మరికొన్ని భాగాలు వచ్చాయి.

అసలు కష్టం విన్నదాన్ని కాగితం మీద పెట్టడంలోనే ఉంది. అక్షరక్రమం డేనిష్‌దే ఉంచి, వాక్యపు నడకను, నుడికారాన్ని నార్వే పల్లెల నుంచి తీసుకున్నారు. మూడు మేకపోతుల కథ చూడండి. వంతెన మీద మొదటి మేక గిట్టల చప్పుడు చిన్నగా, రెండోదానిది కాస్త గట్టిగా వినిపిస్తుంది. మూడోది ఎక్కేసరికి వంతెనే కిర్రుమంటుంది. కింద ఉన్న ట్రోల్ అనే రాక్షసుడు మూడుసార్లూ అదే ప్రశ్న వేస్తాడు. పుస్తకభాషలోకి దించి ఉంటే ఆ చప్పుడు పోయేది, దాంతో కథా పోయేది.

అయితే విన్నది విన్నట్టు వారు రాయలేదు. ఒకే కథకు దొరికిన రకరకాల పాఠాలను కలిపి నిండైన కథగా మలిచారు. ఇంటిల్లిపాదీ చదువుకోలేని మోటు కథలను పక్కన పెట్టారు. కథ చెప్పినవారి పేర్లు చాలావరకు అచ్చుకెక్కలేదు. పరిశోధనకు అది పెద్ద లోటే. పాఠకుడి వరకు మాత్రం అలా మలచడమే కథలకు ప్రాణం పోసింది.

1852 నాటి రెండో కూర్పుకు మూ సుదీర్ఘమైన పీఠిక రాశారు. ఆస్బ్యోర్న్‌సెన్ ఒక్కరే 1845, 1848లలో అడవి మోహినులైన హుల్ద్రల కథలు వెలువరించారు. 1859లో జార్జ్ వెబ్ డాసెంట్ ఇంగ్లిష్ అనువాదం వచ్చింది. బొమ్మలు ఆలస్యంగా చేరాయి. ఎరిక్ వెరెన్‌షోల్, థియోడోర్ కిట్టెల్సెన్ గీసిన ట్రోల్ రూపాలే ఈనాటికీ నార్వేవాసుల కళ్లలో నిలిచి ఉన్నాయి.

మూ కుమారుడు మోల్ట్‌కె మూ ఆ పనిని కొనసాగించి, 1886లో క్రిస్టియానియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. జానపద సంప్రదాయాల బోధన ఆయన బాధ్యతల్లో ఒకటి.