మూడు పచ్చదీపాలు

గాల్లో ఉండగా చక్రాలు మొరాయిస్తే ఏం చేయాలన్నదానికి విమానాలు తయారుచేసేవాళ్లు ఏనాడో ఉపాయం కనిపెట్టారు. మామూలుగా హైడ్రాలిక్ ఒత్తిడి చక్రాలను దించుతుంది. అది చేతులెత్తేస్తే, పైన పట్టి ఉంచే కొక్కేలను విప్పితే చాలు, చక్రాలు తమ బరువుకే కిందికి జారతాయి. బోయింగ్ 737లో ఇందుకు కాక్‌పిట్ నేలలో లాగే పిడులుంటాయి. ఎయిర్‌బస్ ఎ320లో చేతిపిడిని మూడు చుట్లు తిప్పుతారు. మూడు పచ్చదీపాలు వెలిగితే మూడూ దిగి బిగుసుకున్నట్టే. ఇంత ఏర్పాటున్నా ఈ చిక్కు మనుషుల్ని చంపింది. విచిత్రమేమిటంటే, ఇప్పుడు చెప్పబోయే రెండు పెద్ద ప్రమాదాల్లోనూ చక్రాలు దిగే ఉన్నాయి.

1972 డిసెంబర్ 29 రాత్రి మయామీ దగ్గర ఈస్టర్న్ 401 విమానంలో ముక్కుచక్రం దీపం వెలగలేదు. మాడిపోయినవి బల్బులే. 2,000 అడుగుల ఎత్తున విమానాన్ని ఆటోపైలట్‌కు వదిలి కెప్టెన్, కో-పైలట్ ఆ దీపంతో కుస్తీ పట్టారు. ఫ్లైట్ ఇంజనీరు చక్రాన్ని చూడడానికి కింది అరలోకి దిగాడు. ఎత్తును నిలిపే ఆటోపైలట్ పట్టు ఎప్పుడు వదిలిందో ఎవరూ గమనించలేదు. విమానం కూలిన ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి 101 మందిని పొట్టన పెట్టుకుంది. 1978లో పోర్ట్‌లాండ్ మీద యునైటెడ్ 173కి తుప్పుపట్టిన కడ్డీ విరిగి కుడిచక్రం ధడాలున పడింది, ఆ దెబ్బకు దీపానికి కబురందించే స్విచ్ చెడింది. గంటసేపు చుట్లు కొడుతూ చక్రం గురించే ఆలోచిస్తుంటే ఇంధనం నిండుకుంది, పదిమంది పోయారు. తోటివాళ్లు గట్టిగా చెప్పలేదు, చెప్పిందీ కెప్టెన్ తలకెక్కలేదు. కాక్‌పిట్‌లో పని పంచుకోవడం, అడ్డుచెప్పడం నేర్పే శిక్షణకు ఊపు వచ్చింది ఆ తర్వాతే. కాబట్టి ఇరుక్కున్న చక్రం కన్నా అది లాక్కునే ధ్యాసే ప్రమాదమని నా వాదన.

అయితే ఆత్రంగా దిగిపోవాలా? అక్కర్లేదు. 2005లో జెట్‌బ్లూ 292 ముక్కుచక్రం అడ్డంగా తిరిగి బిగుసుకుంటే పైలట్లు దాదాపు మూడు గంటలు తిరిగారు. ఎ320 ఇంధనాన్ని గాల్లో పారబోయలేదు, కాల్చి బరువు తగ్గించుకోవాల్సిందే. పోర్ట్‌లాండ్‌లో కెప్టెన్‌కు పట్టని ఇంధనం లెక్క, ఇక్కడ కావాలని వేసుకున్న లెక్క. లాస్ ఏంజిలిస్‌లో చక్రం నిప్పులు కక్కింది గానీ ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

నా వాదనకు గట్టి అభ్యంతరం 2011 నవంబర్ 1 నాటి వార్సా ఘటన. లాట్ సంస్థ బోయింగ్ 767లో హైడ్రాలిక్ ద్రవం కారిపోయింది; బదులుగా ఉన్న విద్యుత్ ఏర్పాటూ పనిచేయలేదు, ఒక సర్క్యూట్ బ్రేకర్ బయటికొచ్చి ఉండటమే కారణం. దాన్ని నొక్కితే చక్రాలు దిగేవి. మరింత వెతకాల్సిందే కదా అంటే, నిజమే. కానీ ఆ లోపానికి తుక్కయింది విమానం మాత్రమే; పొట్ట మీద దిగినా 231 మందీ గాయం లేకుండా బయటపడ్డారు.