మిణుగురు తోకలోంచి వచ్చిన మీటరు

1940ల చివర్లో బాల్టిమోర్ పిల్లలు వేసవి సాయంత్రాల్లో మిణుగురులు పట్టి అమ్ముకునేవాళ్లు. వందకు పాతిక సెంట్లు. కొనేది జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలోని విలియం మెకెల్రాయ్. తోకల్ని ఎండబెట్టి నూరి నీళ్లలో కలిపితే ఆ ద్రావణం కాసేపు వెలిగి ఆరిపోయేది. ఎందుకు ఆరుతోందన్నదే ఆయన్ని పట్టుకున్న ప్రశ్న.

సగం జవాబు అప్పటికే ఉంది. 1885లో ఫ్రెంచి శాస్త్రవేత్త రఫాయెల్ దుబ్వా వెలిగే పురుగుల రసాన్ని చన్నీటిలో కొంత, వేన్నీటిలో కొంత తీశారు. రెండూ ఆరిపోయాక కలిపితే మళ్లీ వెలుగు పుట్టింది. వేడికి చెడిపోయే ఎంజైము లూసిఫరేజ్, వేడిని తట్టుకునే పదార్థం లూసిఫెరిన్. మిణుగురు దగ్గర మాత్రం ఈ రెండిటితో లెక్క తేలలేదు. 1947లో మెకెల్రాయ్ ఆరిన ద్రావణంలో, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం కలిపారు. తక్షణం వెలిగింది! అంటే, లూసిఫెరిన్ ఇంకా మిగిలే ఉంది. అయిపోయింది ఏటీపీ.

ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లోంచి వేరుచేసినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనిపెట్టారు. సుబ్బారావు గారిని మనం మందుల పేరుతోనే తలుచుకుంటాం. నన్నడిగితే ఈ పని వాటికేమీ తీసిపోదు. కణానికి ఏటీపీ చేతిఖర్చు డబ్బు లాంటిది, ఎప్పటికప్పుడు రావాలి, పోవాలి. బ్యాక్టీరియా నుంచి మనిషి దాకా బతికున్న ప్రతి కణంలోనూ అది ఉంటుంది.

వెలుగుతో ఏటీపీని కొలిచే మీటరు కిటుకంతా ఇక్కడే ఉంది. లూసిఫెరిన్, లూసిఫరేజ్ సమృద్ధిగా పోసి ఉంచితే, ఎంత ఏటీపీ కలిస్తే అంత వెలుగు. ఆ వెలుగును కొలిస్తే జీవపదార్థం ఎంతుందో తెలుస్తుంది. అమెరికా శాస్త్రవేత్త ఎమ్మెట్ చాపెల్ మొదట దీంతో అంగారకుడి మట్టిలో ప్రాణాన్ని వెతకాలనుకున్నారు. అక్కడికి ఇది వెళ్లనే లేదు. ఆయనే తర్వాత నాసాలో ఉంటూ, మూత్రంలోనూ నీళ్లలోనూ బ్యాక్టీరియాను పట్టేందుకు దీన్ని మళ్లించారు. ఇప్పుడు పాల డెయిరీల్లో, మాంసం ఫ్యాక్టరీల్లో, ఆస్పత్రుల్లో దూది పుల్లతో బల్ల తుడిచి, గొట్టంలో దించి ఊపి, చేతిలో పట్టే మీటర్లో పెడతారు. నిమిషంలోపే అంకె పడుతుంది. అదే క్రిముల్ని పెంచి లెక్కబెట్టాలంటే ఒకటి రెండు రోజులు ఆగాలి.

1985లో కాలిఫోర్నియాలో లూసిఫరేజ్ జన్యువును వేరుచేశాక పురుగులు పట్టాల్సిన అవసరం తీరింది, ఎంజైమును బ్యాక్టీరియా చేతే తయారు చేయించవచ్చు. మరుసటేడు ఆ జన్యువుతో పొగాకు మొక్కను వెలిగించారు. అది చూడముచ్చటైన ప్రదర్శన. నాకు నచ్చేది మాత్రం 1993లో విలియం జేకబ్స్ బృందం చేసిన పని. క్షయ క్రిమికి సోకే ఒక వైరస్‌లో ఈ జన్యువును పెట్టి రోగకారక క్రిమి మీదికి వదిలారు. లూసిఫెరిన్ పోస్తే బతికున్న క్రిమి వెలుగుతుంది. ముందుగా మందు వేస్తే, లొంగిన క్రిమి చీకటిగా ఉండిపోతుంది, లొంగనిది వెలుగుతూనే ఉంటుంది. ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి వారాలు పట్టే జబ్బులో ఇది చిన్న సంగతి కాదు.

ఇంత తెలివైన మీటరుకూ గుడ్డితనం ఉంది. ఏటీపీ బ్యాక్టీరియాదా, బల్లమీద మిగిలిన కోడిమాంసం రసానిదా అన్నది దీనికి తెలీదు. వైరస్‌లో ఏటీపీ ఉండదు, కాబట్టి సున్నా చూపించినంత మాత్రాన వైరస్ లేదని కాదు. బ్లీచింగ్ మందు మిగిలి ఉంటే ఎంజైమే దెబ్బతిని, మురికి బల్ల కూడా శుభ్రంగా ఉన్నట్టు చూపించవచ్చు. ఒక కంపెనీ మీటరు చూపే అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చడానికీ లేదు. అందుకే శ్రద్ధగల చోట బల్లను బాగా కడిగి, అదే మీటరుతో చాలాసార్లు కొలిచి, తమ హద్దు తామే గీసుకుంటారు.