కిటికీ వెలుగున నీటితోట

గాజుతొట్టెలో నాలుగు చేపలను, నాలుగు మొక్కలను పెంచుకొనవలెనని ముచ్చటపడి అంగడికి పోయినవారికి అంగడివారు చేపలకంటె ముందుగా చూపునది విద్యుద్దీపము; దాని వెంట నీటిని వడగట్టు యంత్రము, గాలి నూదు యంత్రము, మొక్కల మేతకని బొగ్గుపులుసు గాలి నింపిన సిలిండరు. ఇన్నియు కొనజాలక ఎందరో ఆ ముచ్చటను అక్కడనే విడిచి, ప్లాస్టికు ఆకులు గ్రుచ్చిన తొట్టెతో తృప్తిపడి ఇల్లు చేరుచుందురు. తూర్పున ఒక మంచి కిటికీ ఉన్న ఇంటికి ఈ సంభారమంతయు అక్కరలేదనియు, సూర్యునకు కొదువలేని మన ప్రాంతములలో నీటిమొక్కలకు వెలుగు చాలకపోవుటకంటె మితిమీరుటయే అసలు చిక్కనియు, ఆ మితిని కనిపెట్టుటలోనే ఈ విద్య యొక్క సారమంతయు ఉన్నదనియు నా దృఢవిశ్వాసము.

గాజుతొట్టెలో జలజీవనమును నిలుపు విద్య విద్యుద్దీపముకంటె వయసున పెద్దది. ఎడిసన్ దీపము వెలిగినది 1879లో. లండను నగరమందలి అపాథికరీస్ హాలునందు రసాయనజ్ఞుడుగా నుండిన రాబర్ట్ వారింగ్టన్ తన ప్రయోగమును ఆరంభించినది 1849లో. ఆయన ఒక గాజుపాత్ర అడుగున ఇసుకయు మట్టియు పరచి, నీరు నింపి, వాలిస్నేరియా అను నీటిమొక్కను నాటి, రెండు చిన్న బంగారుచేపలను విడిచి, ఒకదాని ఆధారమున మరొకటి ఎట్లు బ్రతుకునో పరీక్షింపసాగెను. కొన్నాళ్లకు ముదిరిన ఆకులు కుళ్లి, నీరు కలకబారి, గాజుపై పచ్చని పాచి పట్టుటతో ప్రయోగము చెడిపోవునట్లు తోచెను. అప్పుడాయన చెరువునీటి నత్తలను కొన్నిటిని తెచ్చి అందు వదలెను. అవి కుళ్లిన ఆకులను తిని నీటిని తేటపరచుటయే గాక, వాని గ్రుడ్లును పిల్లలును చేపలకు ఆహారమయ్యెను. మొక్క విడిచిన ప్రాణవాయువును చేప పీల్చుటయు, చేప విడిచిన బొగ్గుపులుసు గాలిని మొక్క గ్రహించుటయు, రెండింటి శేషమును నత్త శుభ్రపరచుటయు గమనించి, ఆయన 1850లో ఈ పరస్పరాశ్రయమును లండను రసాయనశాస్త్ర సంఘము వారి పత్రికలో వర్ణించెను. ఆ మూడు ప్రాణుల కాపురమునకు మూలధనము పగటి వెలుగొక్కటే.

వెలుగు ఈ వ్యవహారమున చేయు పని యేదియో అంతకు డెబ్బది ఏండ్లకు ముందే, 1779లో, హాలండు దేశీయుడగు వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌస్ తెలిపియుండెను. ఆకులను నీట ముంచి ఎండలో నుంచినచో వానిపై బుడగలు పొడముననియు, చీకటిలో నుంచినచో అట్టి బుడగలు రావనియు, మొక్కలోని ఆకుపచ్చని భాగములకే ఆ శక్తి గలదనియు ఆయన నిరూపించెను. మన బడులలో గాజుబీకరున హైడ్రిల్లా నాచును ముంచి, పైన గరాటు బోర్లించి, దానిపై పరీక్షనాళిక నిలిపి, ఎండలో పెట్టి చూపు ప్రయోగము ఆ పరంపరలోనిదే.

ఆ వింతను ఇంటి తొట్టెలో ఒకమారు దగ్గరగా చూడవలెను. నాచుకాడ నొకదానిని పదునైన కత్తెరతో తెగగోసి, తెగిన కొన పైకి వచ్చునట్లు నీటిలో నిలిపి, ఉదయపు వెలుగు సోకు చోట ఉంచినచో, కొంతసేపటికి ఆ కొననుండి ఆవగింజకంటె చిన్నవైన బుడగలు ఒకదాని వెనుక నొకటి, తప్పని తాళముతో పైకి తేలసాగును. ఆకులలో పుట్టిన ప్రాణవాయువు నీటిలో త్వరగా కరగజాలక, కాడలోపలి సన్నని గాలిదారుల వెంట నడచి, తెగిన చోట వెలికివచ్చుటయే దీనికి కారణము. కిటికీకిని తొట్టెకును నడుమ ఒక అట్టను అడ్డుపెట్టినచో బుడగల నడక మందగించును. తీసినచో మరల వేగము పుంజుకొనును. జగదీశచంద్ర బోసు ఈ బుడగల లెక్కను యంత్రముచేతనే వ్రాయించు ఉపాయమును కల్పించి, కిరణజన్యసంయోగక్రియను గూర్చి 1924లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఆ మహనీయుడు తన పరిశోధనకు ఎన్నుకొన్న మొక్కయు మన చెరువులలోను, పంటకాలువలలోను ఎవరును ఆదరింపక పెరుగు ఈ నాచే యనుట మనము సగర్వముగా చెప్పుకొనదగిన మాట.

ఇక వెలుగెంత యుండవలెనన్న ప్రశ్న. ఈ విషయమున మన కన్ను నమ్మదగిన సాక్షి కాదు. అది వెలుగునుబట్టి తన్ను తాను సర్దుకొనుటచేత, నడిఎండకును గదిలోని వెలుగునకును గల తారతమ్యమును మనకు తెలియనీయదు. ఆరుబయట మధ్యాహ్నపుటెండ సుమారు లక్ష లక్సులుండగా, ఎండ నేరుగా పడని కిటికీ ప్రక్కన అది కొన్ని వేలకు దిగును. గది నడుమకు చేరుసరికి వందలలోనికి పడిపోవును. కావున రెండడుగుల ఎడము మనకు లెక్కలేనిదైనను మొక్కకు ప్రాణసంకటము. కొలత సాధనము లేనివారు తొట్టె నుంచదలచిన చోట, మొక్కలు నిలుచు మట్టమునకు తమ కన్నును చేర్చి కిటికీవైపు చూడవలెను. ఆకాశము ఎంత మేర కనబడునో మొక్కకు వెలుగంత. ఎదుటి మేడ గోడ తప్ప మరేమియు కనబడని కిటికీ, ఎంత పెద్దదైనను, నీటితోటకు కొరగాదు.

దిక్కుల విషయమున పాశ్చాత్య గ్రంథములలోని సలహాలను మనము యథాతథముగా పాటింపరాదు. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు కొంచెము పైన నుండుటచేత, మే రెండవ వారము మొదలు ఆగస్టు మొదటి వారము వరకు మధ్యాహ్న సూర్యుడు అక్కడ నడినెత్తికి ఉత్తరముగా నడచును. డిసెంబరున దక్షిణమునకు ఒరిగి, మధ్యాహ్నవేళ సహితము 49 డిగ్రీల ఎత్తుననే నిలుచును. అందుచేత దక్షిణపు కిటికీలోనికి చలికాలమున ఎండ గది లోపలి వరకు ప్రాకును. నడివేసవిలో ఒక్క కిరణమైనను దూరదు. ఉత్తరపు కిటికీ ఏడాదిలో హెచ్చుకాలము నెమ్మదియైన ఆకాశకాంతినే ఇచ్చుచు, వేసవి ఉదయ సాయంకాలములందు మాత్రము ఏటవాలు ఎండను తెచ్చును. పడమటి కిటికీని మాత్రము విడిచిపెట్టవలెను. అప్పటికే కాగియున్న గాలికి తోడుగా సాయంకాలపుటెండ తగిలినచో చిన్న తొట్టెలోని నీరు చూచుచుండగనే వేడెక్కును. నీటి వేడిమి 20 డిగ్రీలుండగా లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడగలిగినచో, 30 డిగ్రీలయందు అది 7.5 మిల్లీగ్రాములకు తగ్గును. చేపకు ఊపిరి హెచ్చుగా కావలసిన వేళకే నీట గాలి కొరతపడును. అన్నిటికంటె తూర్పు కిటికీ శ్రేష్ఠము. ఎండ వచ్చునప్పుడు నీరు చల్లగా నుండును. రాత్రియంతయు చేపలును, మొక్కలును విడిచిన బొగ్గుపులుసు గాలి తెల్లవారుజామునకు నీటిలో సమృద్ధిగా పోగుపడియుండుటచేత, తొలి రెండు మూడు గంటల వెలుగును మొక్కలు పూర్తిగా వినియోగించుకొనును.

మొక్కల ఎంపికలో మన నీటిలో పుట్టినవానికే అగ్రతాంబూలము. హైడ్రిల్లా నాచు, వాలిస్నేరియా మొదలగునవి బొగ్గుపులుసు గాలి కరువైనప్పుడు నీటిలో కరగియున్న బైకార్బనేటు లవణములనుండియు కర్బనమును గ్రహింపగలవు. తెలంగాణలోను రాయలసీమలోను పెక్కుచోట్ల బోరునీరు గట్టిదని, పప్పు ఉడకదని మన ఇల్లాండ్రు విసుగుకొందురు గాని, ఆ నీరే ఈ మొక్కలకు పథ్యము. వెలుగు తక్కువైన చోటికి మన దక్షిణాపథపు ఏరులలో పెరుగు క్రిప్టోకోరైను జాతి మేలు. నెమ్మదిగా పెరిగినను చిరకాలముండును. తావు మార్చినప్పుడు దాని ఆకులన్నియు కరగిపోవుట కలదు. అప్పుడు మొక్క చచ్చినదని పెరికివేయరాదు. వేరు బ్రతికియే యుండి మరల చిగిర్చును.

వాలిస్నేరియాను గూర్చి నాలుగు మాటలు హెచ్చుగా చెప్పుటకు నాకు అనుమతి కావలెను. రిబ్బనువంటి దాని పచ్చని ఆకులు నీటి పైమట్టము వరకు సాగి, అక్కడ ఒరిగి తేలియాడుచుండును. ఈ జాతియందు ఆడుమొక్క వేరు, మగమొక్క వేరు. ఆడుపువ్వు దారమువంటి పొడవైన కాడపై ఎక్కి నీటి ఉపరితలమునకు వచ్చి విచ్చుకొనును. మగపూవులు నలుసులవలె మొక్క మొదట అడుగుననే పుట్టి, తొడిమ తెంచుకొని, ఒక్కొక్కటిగా పైకి తేలి, విచ్చి, గాలివాటున నీటిపై జారుచు, ఆడుపువ్వు బరువునకు ఏర్పడిన చిన్న గుంటలోనికి ఒరిగి పుప్పొడిని అంటించును. ఫలదీకరణము జరిగిన పిమ్మట ఆ పొడవైన కాడ చుట్టలు చుట్టుకొని కాయను నీటి అడుగునకు లాగికొనును. ఇంటి తొట్టెలో ఈ మొక్క ప్రాయికముగా ప్రక్కకు సాగు తీగెలచేతనే విస్తరించును గావున పువ్వు దర్శనము అరుదు; లభించినవారు ఆ పూట ఇతర కార్యములు మానుకొని చూడదగినది.

అడుగున పరచవలసినది సాధారణమైన తోటమట్టి. అమెరికా దేశీయురాలు డయానా వాల్‌స్టాడ్ 1999లో ప్రకటించిన గ్రంథము ఈ పద్ధతికి శాస్త్రీయమైన పునాది వేసినది. ఒక అంగుళము మందమున మట్టి, దానిపై మరొక అంగుళము సన్నని గులకరాయి పరచినచో, మట్టిలోని సేంద్రియ పదార్థము క్రమముగా క్రుళ్లుచు మొక్కలకు పోషకములనే గాక బొగ్గుపులుసు గాలిని సహితము అందించుచుండును. పచ్చి పేడ కలిసిన మట్టి అమోనియాను విడుచును కనుక పనికిరాదు. నల్లరేగడి నీటిలో ఉబ్బి కలక చేయును. తొలి వారములలో నీటిని తరచుగా మార్చుచు, మొక్కలు నాటుకొని చిగురించిన తరువాతనే చేపలను విడువవలెను. అవియు కొద్దిగానే యుండవలెను. రాత్రివేళ మొక్కలును ప్రాణవాయువునే పీల్చును గావున, మందలుగా చేపలను నింపిన తొట్టెలో తెల్లవారుజామున అవి నోరు తెరచి నీటి పైకి వచ్చుట కనబడును. నాలుగైదు గప్పీ చేపలు చాలును. దోమపిల్లలను అవి మిగులనీయవు.

పాచిని చూచి బెదరి మందులు వేయువారు గలరు. వెలుగును, ఎరువును మొక్కలకు మించి మిగిలిన చోటనే పాచి పెరుగును. కావున మొదటనుండియే మొక్కలను దట్టముగా నాటుట దానికి తగిన విరుగుడు. నీటిపై తేలు అంతరతామర, అజొల్లా వంటివి ఆకులతో గాలినుండి నేరుగా బొగ్గుపులుసు గాలిని గ్రహించుచు వేళ్లతో నీటిలోని ఎరువును వేగముగా పీల్చివేయుటయే గాక, మితిమీరిన ఎండకు గొడుగు పట్టును. ఎండకాలమున వానిని పెరుగనిచ్చి, వానకాలపు మబ్బు దినములలో తగ్గించినచో, వెలుగు మితి చాలవరకు సరిపడును.

కిటికీ వెలుగునకు సహజమైన లోపమొకటి గలదు: అది ప్రక్కనుండి వచ్చును. అందుచేత మొక్కలు కిటికీవైపునకే ఒరుగును; చేపలును, వీపును వెలుగువైపు త్రిప్పు స్వభావము గలవి యగుటచే, ఒక ప్రక్కకు వాలి ఈదుచున్నట్లు కనబడును. తొట్టెను కిటికీ గడపకు కొంచెము దిగువగా నుంచి, మూత తీసి, కిటికీవైపు గాజునకు ముదురు కాగితమును అంటించినచో వెలుగు పైనుండి దిగును. ఆ గాజుపై పాచియు పట్టదు.

బాగుగా కుదిరిన తోటలో నాచు పదునైదు దినములకొకమారు కత్తిరింపవలసినంతగా పెరుగును. ఆ కత్తిరింపులను కాలువలోగాని చెరువులోగాని పారవేయుట మాత్రము ఎన్నటికిని కూడదు. మన హైడ్రిల్లాయే 1950ల దశకమున గాజుతొట్టెల వ్యాపారము మూలముగా అమెరికాలోని ఫ్లోరిడాకు చేరి, అక్కడి సరస్సులను, కాలువలను అల్లుకొని, దాని నిర్మూలనకై విశేష ధనవ్యయము చేయవలసిన దుస్థితి కల్పించెను. దక్షిణ అమెరికానుండి పూల సొగసునకై మన దేశమునకు తేబడిన గుర్రపుడెక్క మన చెరువులను కప్పివేయుట మనకందరకును తెలిసినదే. చిన్న ముక్క చాలును, నాచు మరల మొలకెత్తుటకు. కావున కత్తిరించినదానిని ఎండలో బాగుగా ఎండబెట్టి, పూలకుండీల మొదట వేయవలెను. తొట్టెనుండి తీసిన పాతనీటిని సైతము ఆ కుండీలకే పోయవచ్చును.