కారుచిచ్చును చదివే చదువు

ఎండలు ముదిరే రోజుల్లో తిరుత్తణి వాసులకు నగరి వైపు కొండల మీద రాత్రిపూట ఎర్రటి గీత కనిపించడం కొత్త కాదు. పిల్లలు ‘కొండ కాలుతోంది’ అంటారు. ఎవరో గడ్డికి నిప్పు పెట్టి ఉంటారని మనం లోపలికి వెళ్లిపోతాం. ఆ గీత తెల్లారేసరికి ఎక్కడికి చేరుతుందో లెక్కకట్టి చెప్పడం ఒక ఉద్యోగమని మనలో చాలామందికి తెలియదు.

దాని అవసరం మనకు తెలియనిది కాదు. 2014 మార్చిలో శేషాచలం అడవి అంటుకుంటే తిరుమల దగ్గర మంటలార్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగుకు వెళ్లినవారు మంటల్లో చిక్కుకున్నారు. 20 మందికి పైగా చనిపోయారు. వారిలో చెన్నై నుంచి వెళ్లినవారూ ఉన్నారు.

కొండ మీద నిప్పు పైకి పరుగెడుతుంది. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని ఈ శాస్త్రంలో వాడుకలో ఉన్న లెక్క. అంటే 20 డిగ్రీల వాలులో నాలుగు రెట్లు. టీచర్లు తరగతిలో ఒక అగ్గిపుల్ల వెలిగించి తల కిందికి పట్టుకుని చూపిస్తే చాలు, పిల్లలకు సగం పాఠం అర్థమవుతుంది. గాలి, వాలు, గడ్డిలోని తడిని కలిపి మంట వేగాన్ని చెప్పే సూత్రాలను 1972లో అమెరికా అటవీశాఖ పరిశోధకుడు రిచర్డ్ రాథర్మెల్ ప్రచురించారు. నేటి కంప్యూటర్ నమూనాలు చాలావాటికి అవే పునాది. ఆయన చదివింది విమానాల ఇంజనీరింగ్. అంటే ఈ రంగానికి బాటనీ ఒక్కటే దారి కాదు.

మన దేశంలో డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల సాయంతో కార్చిచ్చు హెచ్చరికలు పంపుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంలోనూ ఈ పని జరుగుతోంది. ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క 375 మీటర్ల చదరం, సుమారు 35 ఎకరాలు. తిరువాలంగాడు పక్క చెరకు చెత్త కాల్చినా, తిరువళ్లూరు జిల్లాలో ఇటుక బట్టీ రాజేసినా వేడే కాబట్టి అదీ చుక్కగా పడవచ్చు. ఏది అడవి, ఏది బట్టీ అని తేల్చడానికి ఊరు తెలిసిన మనిషి కావాలి.

కన్సల్టెంట్ల పని విదేశాల్లో బాగా పెరిగింది. 2018లో కాలిఫోర్నియాలో కరెంటు తీగల వల్ల పుట్టిన మంట ప్యారడైజ్ పట్టణాన్ని కాల్చేసింది. 85 మంది చనిపోయారు. ఇప్పుడు అక్కడి విద్యుత్ సంస్థలు, బీమా కంపెనీలు ఎక్కడ ఎంత ముప్పుందో చెప్పేవారికి జీతాలిస్తున్నాయి. మన దగ్గర ఈ పని ఇంకా చిన్నదే. విదేశీ జీతాల కథలు చెప్పి పిల్లల్ని ఊరించవద్దని మా మనవి.

ఇక చదువు. ప్లస్ వన్‌లో సైన్స్ గ్రూపు వదిలేస్తే సగం తలుపులు అక్కడే మూసుకుంటాయి. మేట్టుపాళయం అటవీ కళాశాలలో నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు సైన్స్, వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజనీరింగ్ వంటి డిగ్రీ ఉండాలి. బీకాం పనికిరాదు. పరిశోధన మీద మనసున్నవారికి ముదుమలై ఉంది. అక్కడ బెంగళూరు ఐఐఎస్సీ శాస్త్రవేత్తలు 1988 నుంచి 50 హెక్టార్లలో ఒక్కొక్క చెట్టుకూ నంబరు వేసి, మంటల తర్వాత ఏది బతికిందో రాసుకుంటున్నారు.

మన పిల్లలకు అసలు చిక్కు వేరే ఉంది. పదో తరగతిలో తమిళం పేపరు నుంచి మినహాయింపు కోసం మనం ఏళ్లుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నాం. అది మన హక్కు, వదులుకోవలసింది కాదు. కానీ ఫారెస్ట్ గార్డు ఉద్యోగాన్ని భర్తీ చేసే టీఎన్‌పీఎస్సీ గ్రూప్-4లో తమిళ అర్హత భాగం తప్పనిసరి. అందులో కనీసం 40 శాతం రాకపోతే మిగతా జవాబులు దిద్దరు. పదో తరగతిలో మినహాయింపు పొందిన పిల్లవాడు తర్వాత ఆ గోడ దగ్గర ఆగిపోతాడు. ఇంట్లో, వీధిలో తమిళం గలగలా మాట్లాడే పిల్లలే, రాయడం రాకనే ఓడిపోతున్నారు. తెలుగు బడిలోనే వారానికి రెండు గంటలు తమిళం రాయించమని మేం అడిగితే కొందరు తల్లిదండ్రులకు కోపం వచ్చింది. వచ్చినా అడుగుతూనే ఉంటాం. ఫారెస్ట్ సర్వీసు మెయిన్స్ రాయాల్సింది ఇంగ్లీషులో కాబట్టి ఆ భాషా తప్పదు.

తెలుగు దండగ అనుకోవద్దు. నగరి, నాగలాపురం కొండల కింద మేకల కాపరితో మాట్లాడి, నిప్పు ఎప్పుడు ఎక్కడ రాజుకుందో రాబట్టాలంటే తెలుగే కావాలి. ఎక్కువ మంటలు మనిషి చేతితోనే పుడతాయి. ఆ మనిషితో మాట్లాడలేని నిపుణుడి నివేదిక సగమే.

ఫారెస్ట్ సర్వే వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే ఎవరి ఫోనుకైనా హెచ్చరికలు ఉచితంగా వస్తాయి. ఒక్క టీచరు నమోదైనా మార్చి, ఏప్రిల్ నెలల్లో భూగోళం పాఠానికి రోజూ తాజా ఉదాహరణ దొరుకుతుంది. పిల్లల్ని రేంజ్ ఆఫీసుకు తీసుకెళ్లాలంటే మాత్రం సీజను మొదలవకముందే, జనవరిలో అనుమతి అడగండి. మంట దాటకుండా గడ్డి నరికి ఖాళీ గీతలు వేసే పనిని అప్పుడు కళ్లారా చూడవచ్చు.