వింటి బద్దకు కొత్త పూత

నర్సీపట్నము మన్యమునకు వాకిలి. ఇచ్చటివారికి విల్లనగా పురాణములలోని వస్తువు మాత్రమే కాదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేసిన అల్లూరి సీతారామరాజు అనుచరులకు విల్లంబులు చిన్ననాటి నుండి చేతికి అలవడిన ఆయుధములు. మన్యపు విల్లు వెదురుబద్ద. అది విరిగినచో అడవిలో మరియొక వెదురు దొరకును. గాజునార పొదిగిన నేటి విల్లు అట్లు దొరకునది కాదు. పాతబడినకొలది దానిని కాపాడుకొనవలెను.

ఈ వింటి నడుమ పలుచని కొయ్యపొరలు, ఇరుప్రక్కల గాజునార పలకలు ఉండును. అన్నింటిని ఎపాక్సీ జిగురు పట్టియుంచును. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత అమెరికాలో ఫ్రెడ్ బేర్ మొదలగువారు ఇట్టి విండ్లను వ్యాప్తికి తెచ్చిరి. నారి లాగినపుడు గురివైపు పలక సాగును. విలుకానివైపు పలక కుదించుకొనును. బద్ద పొడవునా పరచిన గాజుపోగులే ఈ ఒత్తిడిని భరించును. పైపూత మెరుపు కొరకు మాత్రమే కాదు. అంచులలో బయటపడిన కొయ్యకు తేమ తగులకుండ కాచుట దాని ముఖ్యధర్మము.

పూత మార్చుటకు ముందు నారి విప్పి బద్దను పరీక్షింపుడు. దూదిని బద్దపై మెల్లగా నడిపిన, పోగు లేచినచోట అది చిక్కుకొనును. పొరలు విడినను, పగులు గాజులోనికి దిగినను ఆ వింటిని మరల ఎక్కుపెట్టరాదు. ముఖము చెంత వంగియున్న బద్ద విరిగినచో కన్నుపోవు ప్రమాదము కలదు. పగులును రంగుతో కప్పుట ప్రమాదమును దాచుటయే.

బద్ద బాగున్నచో 320 నంబరు ఉప్పుకాగితముతో పొడవువెంట మాత్రమే తేలికగా రుద్దవలెను. అడ్డముగా రుద్దిన పోగులు తెగును. పాతపూత నునుపు తేరిన చాలు; గాజు అరుగరాదు. ఒక బద్ద ఎక్కువ అరిగినచో రెండింటి వంపు సమముగా నుండదు. గాజుధూళి ఊపిరితిత్తులకు హాని. ముక్కు, నోరు మూయు ముసుగు తప్పనిసరి. రంగు ఊడదీయు ఘాటైన రసాయనములు జిగురును చెరచును గనుక వాడరాదు.

మరి ఏ పూత వేయవలెను? మనకు సమీపముననున్న ఏటికొప్పాక కళాకారులు, తిరుగుచున్న అంకుడుకొయ్యకు లక్కకడ్డీని ఒత్తుదురు. రాపిడి వేడికి లక్క కరిగి పట్టును. ఆ పద్ధతి బొమ్మకు అందము, వింటికి చేటు. వేడికి జిగురు మెత్తబడును. స్పిరిట్టులో కరిగించిన లక్కపాలిష్ నీరు తగిలిన తెల్లబారును. కనుక పాలీయురిథేన్ వార్నిష్ మేలు. ధూళి తుడిచి, పలుచగా మూడు పూతలు వేయవలెను. ఒకటి పూర్తిగా ఆరిన పిమ్మటనే మరియొకటి. అంచులను, నారి తగులు కొప్పులను మరువరాదు.

పూత ఆరినదని తొందరపడి ఎండలోగాని, మూసిన కారులోగాని వింటిని ఉంచకుడు. బాణము లేక నారి లాగి విడువకుడు. వాడుక ముగియగానే నారి దించుడు. ఈ మూడు నియమములు పాటించినచో కొత్తపూత శ్రమ వృథా కాదు.