పలుపులు, తలుగులు: పశువు మెడకు ముప్పు లేకుండ కట్టు విధము



సంఘమునుండి అప్పు తెచ్చి పాడిగేదెను కొనువారు దాని ఈతలు, పాలు, సుడులు తరచి తరచి విచారింతురు. మేతకును దాణాకును వెనుదీయరు. కాని దానిని కట్టు త్రాటిని గూర్చి యోచించువారు అరుదు. రేయింబవళ్లు పశువు మెడనంటి యుండునది ఆ త్రాడే గదా!

ఒక గ్రామమున నేను చూచిన సంగతి చెప్పెదను. మూడునెలల పెయ్యకు సన్నని నైలాను తలుగు కట్టి, యజమాని కోతపనులలో దానిని మరచెను. దూడ పెరిగినది, తలుగు పెరుగలేదు. కొన్నాళ్లకు దుర్వాసన వచ్చుటచే చూడగా త్రాడు చర్మమును కోసికొని మాంసములో దిగబడి యుండెను. ఈగలు వ్రాలి పురుగులు పడియుండెను. పశువైద్యుడు త్రాటిని కోసి తీసి, పెయ్యను బ్రతికించెను. ఈ బాధకు కారణము త్రాటి నాణ్యము గాదు, మన మరపే.

త్రాడు ఎట్టిదై యుండవలెను? నైలాను త్రాడు చౌక, గట్టిది, వాననీటికి చివుకదు. కాని సన్నని నైలాను మెడను కోయును. పశువు గుంజుకొన్నప్పుడు ఒరసి వాతలు పెట్టును. కావున మెడచుట్టు వచ్చు భాగమునకు వెడల్పైన నూలుపట్టీని గాని, లావుగా పేనిన మెత్తని త్రాటిని గాని వాడి, గుంజకు పోవు భాగమునకు మాత్రమే నైలాను వాడుడు. జనుపనార, గోగునార త్రాళ్లు మంచివే. కాని తడిసినప్పుడు కుదించుకొనును. వానకాలమున వానిని మరికొంత వదులుగా కట్టవలెను. పెద్ద పశువునకు మెడకును త్రాటికిని నడుమ అరచేయి సులభముగా దూరవలెను.

ముడి అన్నిటికంటె ముఖ్యము. జారుముడి మెడకు ఉరియే. జారని ముడి యిట్లు వేయవలెను: త్రాటిలో చిన్న చుట్టు చుట్టుడు. కొసను పశువు మెడచుట్టు త్రిప్పి తెచ్చి, ఆ చుట్టులో క్రిందినుండి పైకి దూర్చుడు. నిలువు త్రాటి వెనుకగా కొసను త్రిప్పి, మరల అదే చుట్టులో పైనుండి క్రిందికి దింపి బిగింపుడు. పశువు ఎంత లాగినను ఇది బిగియదు. గుంజవద్ద మాత్రము ఒక్క లాగుతో ఊడునట్లు, కొసను పూర్తిగా తీయక మడతగా విడువుడు. పాక అంటుకొన్నప్పుడు ముడి విప్పుటకు కాలము చాలదు.

గుంజకు ఎత్తున కట్టకుడు. పశువు పండుకొన్నప్పుడు మెడ వ్రేలాడును. తల నేలకాని పండుకొనుటకు చాలునంత పొడవుంచుడు. కాలు చుట్టుకొనునంత పొడవు వలదు. మేకను గోడదాపున గాని చెట్టుదాపున గాని కట్టరాదు. అది ఎక్కి దూకి ఉరిపోసికొనును.

ముకుత్రాడు ఎద్దును త్రిప్పుటకే గాని కట్టివేయుటకు గాదు. దానితో గుంజకు కట్టిన యెద్దు బెదరినచో ముక్కు చీలును. ముక్కు కుట్టించిన పిదప పుండు మానువరకు లాగరాదు.

చేనికాపు కుక్కకు వెడల్పైన తోలుపట్టీ మేలు. పట్టీక్రింద రెండు వ్రేళ్లు దూరవలెను. గొలుసునకు తిరుగుడు కొండి యున్నచో మెలిపడదు. అనుచితముగా పొట్టిదో బరువైనదో యగు గొలుసుతో జంతువును చిరకాలము కట్టియుంచుట 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము ప్రకారము నేరము. రోజూ కొంతసేపు కుక్కను విప్పి త్రిప్పుడు.

తీరగ్రామములవారికి ఒక్కమాట. 1977 నవంబరులో దివిసీమపై ఉప్పెన విరుచుకొని పడినప్పుడు మనుష్యులును పశువులును వేలకొలది నశించిరి. నీరు పెరిగినపుడు కట్టుత్రాటనున్న పశువు ఈదలేదు. తుపాను హెచ్చరిక రాగానే పశువులను మెరకకు తోలుడు. అది సాగనిచో త్రాళ్లు విప్పి విడువుడు.

వారమునకొకసారి, సంతనాడో మరొకనాడో, ప్రతి పశువు మెడక్రింద చేయి పోనిచ్చి చూడుడు. దూడల తలుగును పెరుగుదలకు తగినట్లు వదులు చేయుడు. ఒరపిడి కనబడినచో త్రాటిని మార్చి, పుండును శుభ్రపరచి, ఈగలు వ్రాలకుండ అంచులకు వేపనూనె పూయుడు. పురుగు పడినచో పశువైద్యుని కడకు పోవుడు. దీనికి రూకలక్కరలేదు, చూపు చాలును. నోరులేని జీవము తన మెడబాధను మనతో చెప్పుకొనలేదు. మన చేతితోనే దానిని తెలిసికొనవలెను.