లిఖితరక్షణము: చిట్టా, ఆవర్జా, కంప్యూటరు

అనంతపురపు ప్రభువుల చరిత్రమును దెలుపు తెలుగు వచనగ్రంథ మొకటి కలదు. 1750–1810 సంవత్సరముల నడుమ వ్రాయబడిన యా గ్రంథమును చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర ఆంగ్లీకరించి, ‘రాజుల యుద్ధములు’ అను నర్థము గల పేరుతో 1853లో మదరాసున ప్రకటించెను. మకెంజీ దొర సేకరింపించిన కైఫీయతులలో శిథిలమగుచున్న వానికి ప్రతులు వ్రాయించినవాడును ఈ బ్రౌనే. ఆ ప్రతులు లేకున్న ఈ మెట్టసీమ చరిత్రలో నెంత భాగము చెదల పాలయ్యెడిదో చెప్ప నలవిగాదు.

నేడు తాళపత్రములకును కైఫీయతులకును ఛాయాచిత్రములు దీసి కంప్యూటరునందు దాచుచున్నారు. ఇక నష్టభయము లేదని పండితులు పెక్కురు తలంచుచున్నారు. నేనును అట్లే తలంచితిని. ఒక శతకమునకు శుద్ధప్రతి సిద్ధపరచి, భద్రపరచు మీట నొక్కిన కొన్ని క్షణములకే మా యూర కరెంటు పోయినది. మరల వచ్చిన పిదప జూడగా ఫైలు పేరు యథాస్థానమున నున్నది. దాని పరిమాణము మాత్రము సున్న. పలకలును త్రాడును మిగిలి, నడుమనున్న యాకులు మాయమైనట్లుండెను.

దీనికి గల హేతువును దెలిసికొంటిని. మీట నొక్కినంతనే అక్షరములు డిస్కు మీదికి బోవు. అవి ముందుగా జ్ఞాపకయంత్రమున, అనగా కరెంటు పోయిన చెరిగిపోవు మెమరీలో, నిలిచి కొంత తడవునకు డిస్కున కెక్కును. వేగము కొరకు చేసిన యేర్పాటిది. ఫైలు పేరును, దాని స్థానమును దెలుపు పట్టిక యొకప్పుడు. లోని విషయ మింకొకప్పుడు లిఖింపబడవచ్చును. ఆ రెంటి నడుమ కరెంటు పోయెనేని మిగులునది పేరే. లినక్సునందలి ఈఎక్స్‌టీ4 అను ఫైలు వ్యవస్థ వ్యాప్తిలోనికి వచ్చిన క్రొత్తలో, 2009లో, ఇట్టి శూన్యపుటఫైలులను గూర్చి పెద్ద వివాదమే చెలరేగినది. తప్పు వ్యవస్థదా, వ్రాతను డిస్కున కెక్కింపుమని స్పష్టముగా గోరని ప్రోగ్రాములదా యని వాదించిరి. ఇరువైపుల కొంత న్యాయము కలదని నాకు దోచుచున్నది.

దీనికి విరుగుడును మన కరణములు, షాహుకార్లు ఎరుగనిది గాదు. వారు దినదినము జరిగినదానిని ముందు చిట్టాలో నెక్కించి, తరువాత తీరికగా ఆవర్జాలో పేరుపేరున పంచుకొనెడివారు. ఆవర్జా వ్రాయుచుండగా పని యాగిపోయినను చిట్టా జూచి పూర్తి చేయవచ్చును. ఫైలు వ్యవస్థలోని ‘జర్నల్’ అనునది ఈ చిట్టాయే. యంత్రము మరల మేల్కొన్నప్పుడు దానిని జదివి సగములో నాగిన మార్పులను పూర్తి చేయును. చిట్టాలోనే యసంపూర్ణముగా నున్న పద్దును విడిచిపెట్టును. కాని యొక మెలిక కలదు. పెక్కు వ్యవస్థలలో ఈ చిట్టా పట్టికలకే గాని లోని విషయమునకు గాదు. కావున పట్టిక చెడకున్నను వ్రాసిన పద్యము పోవచ్చును.

ఇంతకంటె భయంకరమైనది సద్దులేని మార్పు. డిస్కుపై నొక యక్షరము తనంతట తాను మారి, ఎవరికిని దెలియక యుండును. మన వృత్తములందు ప్రాసాక్షరము నాలుగు పాదములకు నొకటియే యగుటచేతను, యతిస్థానము నియతమగుటచేతను లేఖకుని ప్రమాదము కొంతవరకు పట్టుబడును. వచనమున కట్టి కాపలా లేదు. వేదమునకు క్రమ, జటా, ఘనపాఠము లున్నవి. గ్రంథసంఖ్య, అనగా ముప్పదిరెం డక్షరముల లెక్క, లోపమును దెలుపును గాని మార్పును దెలుపదు. నేటి వ్యవస్థలలో చెక్‌సమ్ అనునది ఈ కాపలాకు సాటి: విషయమంతటిని గణితవిధిచే నొక చిన్న సంఖ్యగా మార్చి వేరుచోట వ్రాసి, చదివినప్పుడెల్ల గణించి పోల్చుట. సన్ మైక్రోసిస్టమ్స్ వారు 2005లో వెలువరించిన జెడ్‌ఎఫ్‌ఎస్, తరువాతి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఇట్లు విషయమును సయితము కాచును. ఈఎక్స్‌టీ4 గాని విండోసునందలి ఎన్‌టీఎఫ్‌ఎస్ గాని లోని విషయమున కట్టి సంఖ్య నుంచుకొనవు. అయినను చెక్‌సమ్ తప్పును జూపునే గాని, రెండవ ప్రతి లేనిదే దిద్దజాలదు.

ఇక రెండవ ప్రతి యనునది యెట్టిది? రెండు డిస్కుల నొకేమారు వ్రాయు పద్ధతి కలదు. అది ఒక డిస్కు చెడిన వేళ నుపయోగించును; చేజారి తుడిచివైచిన గ్రంథము రెంటను నొక్కసారి పోవును. బ్రౌను వేమన పద్యములకై పెక్కు ప్రతులు సేకరించి పోల్చెను. అవి వేరువేరు చోట్ల, వేరువేరు కాలముల వ్రాయబడినవి గనుకనే పోల్చుటకు బనికివచ్చినవి. మన ప్రతియు వేరు దినమున వ్రాయబడి, వేరు ఊర నుండవలెను. వాడుక తీరిన ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండ పెట్టెలో దాచుటయు మంచిది గాదు. ఎండ పెరిగిన కొలది దానిలోని వ్రాత నిలుచు కాలము తగ్గును. ఏప్రిలు, మే నెలలలో నలువది డిగ్రీలు దాటు ఈ సీమలో నది గమనింపదగిన మాట.

నా శతకమును తాళపత్రము నుండి మరల వ్రాసికొంటిని. మూడు వారములు పట్టినది. మొదటి ప్రతిలో జేసిన సవరణలలో రెంటి హేతువు నాకు జ్ఞప్తికి రాలేదు. ఆ రెండు పద్యములును ఇప్పటికిని మూలములో నున్నట్లే యున్నవి.